గోడకు పెట్టిన ముద్దలు

ఈ తొంభై తొమ్మిది వేసవిలో మా ఇంటికి రంగులు వేయించాలని ఒక కొత్త మేస్త్రీని పిలిచాం. బాపట్లలో ఈమధ్య బాగా పేరు వినబడుతున్నవాడు. మనిషి చలాకీ, మాట అంతకన్నా చలాకీ. ముందుగది చూసి బాగుందన్నాడు, పడకగది చూసి పరవాలేదన్నాడు. నడవలోకి వచ్చి గోడ మీద చెయ్యి పెట్టాడు, పెట్టి ఆగిపోయాడు. ఆ చేతిని అలాగే రాసుకుంటూ వంటింటి దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"ఎవడండి ఈ లప్పం పెట్టింది? గోడకి బొబ్బలెక్కించి పోయాడు. ఒక్క పూటలో గీకి నున్నగా చేసిస్తానండి" అన్నాడు.

నాకు కోపం తొందరగా వస్తుంది. ముప్పై ఏళ్ళుగా ఎలిమెంటరీ పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తే మీకూ వస్తుంది. కానీ ఆ రోజు నాకన్నా ముందు మావారికే వచ్చింది. మావారు బర్నబాస్ వ్యవసాయ కళాశాల ఆఫీసులో క్లర్కు, గట్టిగా తుమ్మడానికి కూడా మొహమాటపడే మనిషి. ఆయన లేచి వచ్చి, రంగు ఏదైనా వేసుకో, గీకుడు బద్ద మాత్రం ఆ గోడకి తగలకూడదు, తగిలితే మిగతా గదులు కూడా నీకు లేవు అన్నారు. మేస్త్రీ నా మొహం చూశాడు. నేనూ అదే మాట అన్నాను. చెప్పినట్టే చేసి వెళ్ళాడు పాపం. బస్టాండు దగ్గర టీ కొట్లో మా ఇద్దరికీ మతి చెడిందని చెప్పే ఉంటాడు.

అతనికి నిలబెట్టి చెప్పలేకపోయిన సంగతి ఇక్కడ చెబుతున్నాను. ఆ గోడకు లప్పం పెట్టినవాడి పేరు బాలస్వామి. అతనికి నేను రుణపడి ఉన్నాను.

బాలస్వామిది రేపల్లె. తండ్రి కాలవలో పడవలు లాగేవాడట. పడవలకు రోజులు తగ్గాయని కొడుకును తెనాలిలో సున్నాలు వేసే ముఠాలో పెట్టాడు. ఆ ముఠాలో చేతికి కుంచె రావాలంటే ముందు గోడలకున్న మేకులు పీకాలి. మేకులు పీకి, బొక్కలు నింపడం అందరికన్నా చిన్న పని, కొత్తగా వచ్చినవాడి పని. మిగతావాళ్ళు ఏడాదిలోపే దాన్ని వదిలించుకుని కుంచె పట్టుకున్నారు. బాలస్వామి దాన్నే పట్టుకుని కూర్చున్నాడు. కుంచె ఇస్తామన్నా వద్దన్నాడు. రంగు ఎవడైనా వేస్తాడు, గోడని ముందు గోడ చెయ్యాలి కదా అనేవాడు.

మన పాత ఇళ్ళ సంగతి తెలిసిందే. ఇటుక గోడకు నేరుగా మేకు దిగదు. దిగినా నిలవదు. అందుకని ఇటుకల సందులో చెక్క బిరడా దిగ్గొట్టి, ఆ బిరడాలోకి మేకు కొడతారు. దాని మీద దండెం కడతారు, పటం తగిలిస్తారు, గొడుగు వేలాడేస్తారు. ఇరవై ఏళ్ళు గడిచేసరికి మేకు తుప్పు పడుతుంది, బిరడా ఎండి వదులవుతుంది. సున్నం వేసేవాళ్ళు దాని మీదే రెండు పూతలు పూసి పోతారు. వానాకాలం రాగానే అక్కడినుంచి తుప్పు మరక గోడంతా కారుతుంది.

బాలస్వామి ఒక్క బిరడాని కూడా గోడలో ఉంచేవాడు కాదు. దాని మధ్యలోకి మరమేకు దింపి, ఆ మర తలను పటకారుతో పట్టుకుని, మెల్లగా అటూ ఇటూ కదిలిస్తూ, పన్ను పీకినట్టు పీకేవాడు. తర్వాత బొక్కలో దుమ్ము ఊదేసి నీళ్ళు చల్లేవాడు. అది తాగినన్ని నీళ్ళు తాగేదాకా ఆగేవాడు. దాహంతో ఉన్న గోడ ముద్దలోని తడి లాగేసుకుంటుందట, అప్పుడు ముద్ద ఎండి ఊడిపోతుందట. లోపలికి ఇటుక ముక్కలు, సున్నం ఇసుక కలిపి కూరి, పైన సుద్ద, అవిసెనూనె పోసి పిసికిన లప్పం పూసి, ఆరాక గరుకు కాగితంతో రుద్దేవాడు.

ఆ పనికి అతను వాడే మాట ఒకటుంది. అందరూ బొక్కలు పూడ్చడం అంటారు. అతను చచ్చినా ఆ మాట అనడు. పూడ్చేది మనుషుల్ని అండి, ఇది ఉండే ఇల్లు, శుభమా అని రంగులు వేయించుకుంటూ ఆ మాటేంటండి అని ఎదుటివాళ్ళను దులిపేవాడు. అతను గోడకి ముద్ద పెడతాడు. మధ్యాహ్నం మనం పిలిస్తే, రెండు ముద్దలు పెట్టేసి వస్తానండి అనేవాడు. మొదటిసారి విన్నవాళ్ళు పిల్లలెవరికో అన్నం పెడుతున్నాడనుకునేవాళ్ళు.

గర్వం మాత్రం గంపెడు. పని అయ్యాక ఇంటివాళ్ళను పిలిచి గోడ ముందు నిలబెట్టేవాడు. కళ్ళు మూసుకుని అరచెయ్యి గోడకి ఆనించి ఈ మూల నుంచి ఆ మూల దాకా నడవమనేవాడు. నడిచాక, "చేతికి తెలిసిందాండీ?" అని అడిగేవాడు. బిరడా ఎక్కడ ఉండేదో కనిపెడితే మీసం తీసేసుకుంటానని పందెం. ఆ మీసం మామూలు మీసం కాదు. కొసలు పైకి మెలితిప్పి, వారానికోసారి నూనె రాసి సాకిన మీసం. తెనాలిలోనూ బాపట్లలోనూ ఎన్ని ఇళ్ళలో పందెం కాశాడో గానీ అది చెక్కు చెదరలేదు. అతని భార్య అంకమ్మ ఇసక జల్లెడ పట్టడానికి కూడా వచ్చేది. పెళ్ళికి పిలిస్తే పెళ్ళికూతురిని చూడడండి, వెనకాల గోడ చూసి మొహం చిట్లిస్తాడండి అని నాతో చెప్పి నవ్వేది.

ఇంక మా ఇంటి సంగతి. ఈ ఇల్లు మా మామగారు చిన్నయ్య మాస్టారు కట్టించింది. ఆయన లూథరన్ మిషన్ బడిలో హెడ్మాస్టరు. పేరుకు తగ్గట్టే పొట్టి మనిషి. మా చర్చిలో కొత్త సంవత్సరం ఆరాధన నాడు ప్రతి ఇంటికీ ఒక వాగ్దాన వాక్యం రాసిన పటం ఇస్తారు, ఆ ఏడాదంతా ఆ ఇంటికి అదే దీవెన. అందరూ పాతది తీసేసి ఆ మేకుకే కొత్తది తగిలిస్తారు. మామగారు మాత్రం పాతది తియ్యనిచ్చేవారు కాదు. దేవుడు ఇచ్చిన మాట వెనక్కి తీసుకోడు, మనమెందుకు తీసెయ్యాలి అనేవారు. ప్రతి జనవరికీ నడవ గోడకు తన చేత్తో ఒక బిరడా దిగ్గొట్టి కొత్త వాక్యం తగిలించేవారు. ఆయన చేతికి అనువైన ఎత్తు అంటే మాకు గుండెల దగ్గరికి వస్తుంది. అలా ముందుగది గుమ్మం నుంచి వంటింటి దాకా ఒకే వరుస. మధ్యలో నడవకు ఒక మెట్టు దిగుడు ఉంది, అక్కడ లాంతరు మేకు. పెరటి గుమ్మం పక్కన గొడుగు మేకు.

మామగారు పోయాక పటాలు కొన్ని చెదలు తిన్నాయి, మిగిలినవి తొంభైలో వచ్చిన తుపాను నీళ్ళకు నానిపోయాయి. బిరడాలూ మేకులూ మాత్రం అలాగే మిగిలాయి. మావారు పొడుగు మనిషి. ఆ మేకులకు తగులుకుని ఆయన చొక్కా మోచేతుల దగ్గర చిరగని నెల లేదు. చిరిగినప్పుడల్లా కుట్టేది నేను.

తుపాను తర్వాత పైకప్పు బాగు చేయించుకుని, మరుసటి ఏడు వేసవిలో గోడలకు డిస్టెంపరు వేయిద్దామని బాలస్వామిని పిలిచాం. పని అయ్యాక ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకుందామని పాస్టరు గారికి తేదీ కూడా చెప్పేశాం. నడవలో ఒక్క మేకు కూడా కనిపించకూడదని మావారు బాలస్వామికి ముందే చెప్పారు. అతనికి అంతకన్నా ఏం కావాలి.

మా అత్తగారు కమలమ్మ గారికి అప్పటికి డెబ్బై దాటాయి. సన్నగా, నిటారుగా, తెల్లచీరలో ఎప్పుడూ ఏదో ఒక పని మీద నడుస్తూ ఉండేది. పొద్దున్నే నూతి దగ్గర తన నీళ్ళు తనే తోడుకోవాలి. వంటింట్లోకి వచ్చి పప్పులో ఉప్పు తనే వెయ్యాలి. బిరడాలు పీకడం మొదలైన రోజున ఆవిడ వచ్చి, లాంతరు మేకు ఒక్కటి ఉంచకూడదా అని అడిగింది. కరెంటు వచ్చాక లాంతరెందుకమ్మా అన్నారు మావారు.  పీకిన బిరడాలను ఆవిడ ఏరి ఒళ్ళో వేసుకుని తన గదిలోకి తీసుకెళ్ళింది. మామగారి గుర్తు కదా, బాధ ఉంటుందిలే అనుకున్నాను.

నడవ గోడ పూర్తయిన రోజు మధ్యాహ్నం నేను వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. మావారు ఆఫీసులో ఉన్నారు. అత్తగారు తన గదిలోంచి నడవలోకి వచ్చింది. బాలస్వామి గరుకు కాగితం పక్కన పెట్టి, మీసం సవరించుకుని, "మామ్మగారూ, కళ్ళు మూసుకుని గోడ మీద చెయ్యి పెట్టి నడవండి. చేతికి తెలిస్తే ఈ మీసం మీ కాళ్ళ దగ్గర పెడతాను" అన్నాడు.

"నేను కళ్ళు మూసుకోనక్కర్లేదులే నాయనా" అంది ఆవిడ.

చెయ్యి గోడకు ఆనించి నడిచింది. నాకు తలుపు సందులోంచి కనిపిస్తోంది. అరచెయ్యి పైకి పోతోంది, కిందికి వస్తోంది, దేనికోసమో వెతుకుతోంది. నడక మెల్లబడింది. మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఒక కాలు గాలిలో ముందుకు చాపి, భయపడి వెనక్కి తీసుకుంది. రెండు చేతులూ గోడకు అంటించి అక్కడే నిలబడిపోయింది.

"నేనెక్కడున్నాను నాయనా?" అని అడిగింది.

బాలస్వామి నవ్వి, మీ ఇంట్లోనే అండి అన్నాడు.

"మా ఇల్లయితే ఇక్కడ లాంతరు మేకు ఉండాలి."

అప్పుడతను నవ్వడం ఆపాడు. దగ్గరికి వచ్చి ఆవిడ మొహం ముందు మెల్లగా చెయ్యి ఆడించాడు. ఆవిడ రెప్ప వెయ్యలేదు. నా చేతుల్లో బియ్యం నీళ్ళు అలాగే కారిపోయాయి.

తర్వాత ఆవిడ చెప్పిందంతా నేను తలుపు వెనక నుంచే విన్నాను. వాళ్ళ అమ్మకూ ఇలాగే పోయిందట చూపు. అప్పట్లో ఆమెను గుంటూరు పెద్దాసుపత్రిలో చూపిస్తే ఇది శుక్లాలు కాదు, నీటికాసులు, పోయిన చూపు రాదు అన్నారట. తన చూపూ పోయి చాలా కాలమైంది, మాకెవరికీ చెప్పలేదు. మామగారు కొట్టిన మేకులు పట్టుకుని తన ఇల్లంతా తను నడుస్తోంది. ఎన్నో మేకు దగ్గర మెట్టు, ఎక్కడ వంటిల్లు, ఎక్కడ పెరటి గుమ్మం అన్నీ చేతికి వచ్చు. మా పక్కన కూర్చుని రోజూ తెరిచి చదివే బైబిలు అంతా కంఠతా వచ్చిన కీర్తనలేనని నాకు ఆ క్షణంలో అర్థమైంది.

"మావాడికి చెప్పకు నాయనా. చెబితే రేపే నన్ను భట్టిప్రోలు పంపిస్తాడు. నా కూతురు రాజమ్మ బంగారం. కానీ అది నన్ను మంచం దిగనివ్వదు. వాళ్ళత్తగారిని అలాగే ప్రేమగా మంచంలో కూర్చోబెట్టింది, ఆవిడ మళ్ళీ లేవలేదు. నా నూతి దగ్గరికి నేను నడవాలి. నాకింకేం అక్కర్లేదు."

 మళ్ళీ మేకులు కొట్టనా అని అడిగాడు బాలస్వామి. వద్దు, ఎందుకని మావాడు అడుగుతాడు అంది. ఆవిడను చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్ళి గదిలో కూర్చోబెట్టాడు. కొడుకు కూడా కాని వాడు, అంత జాగ్రత్తగా.

నేను బయటికి రాలేదు. వస్తే ఆవిడ ఇన్నాళ్ళూ దాచుకున్నదాన్ని నేను చేతిలోంచి లాక్కున్నట్టే. నాకు తెలిసిందని ఆవిడకు చివరిదాకా చెప్పలేదు. నూతి చప్టా మీద పాచి మాత్రం ఆ మర్నాటి నుంచి రోజూ తెల్లవారకముందే నేను రుద్ది కడిగాను. అంతకుమించి నాకేమీ తోచలేదు. తోచింది బాలస్వామికే.

మర్నాడు అతను తన మనుషుల్నందరినీ బయట గోడలకు పంపేసి నడవ తలుపులు దగ్గరికి వేసుకున్నాడు. లోపల గీకుతున్న చప్పుడు. తొంగి చూస్తే, ముందు రోజు నున్నగా తీర్చిన తన పనిని తనే ఉలి పెట్టి గీకేస్తున్నాడు. ఒక్కో బిరడా ఉన్న చోట లప్పం కాకుండా సున్నం ముద్ద పెడుతున్నాడు. బెల్లం నీళ్ళతో కలిపిన సున్నం, ఆరితే రాయి అవుతుంది. నిమ్మచెక్కంత ఎత్తు, అంచులు మెత్తగా, చీర తగులుకోకుండా. మెట్టు దగ్గర లాంతరు మేకు చోట రెండు ముద్దలు పక్కపక్కన. వంటింటి గుమ్మం ముందు ఒకటి పొడుగ్గా. పెరటి గుమ్మం పక్కన ఒకటి పెద్దది, గుండ్రంగా. పెట్టిన ప్రతి ముద్దనూ కళ్ళు మూసుకుని తన అరచేత్తో తడుముకుని చూస్తున్నాడు. ఆ పని చేస్తున్నప్పుడు అతని మొహంలో ఏమాత్రం సంతోషం లేదు. జీవితంలో మొదటిసారి చెడ్డ పని చేస్తున్నవాడి మొహం అది.

అవి కాస్త గట్టిపడ్డాక అత్తగారిని పిలిచాడు. ఆవిడ చెయ్యి పెట్టి నడిచింది. రెండు ముద్దల దగ్గర ఆగి, మెట్టు దిగి, వంటింటి దాకా, అక్కణ్ణించి పెరటి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

"చేతికి తెలిసిందాండీ?" అన్నాడు. ఎప్పుడూ అడిగే మాటే. కానీ గొంతు ఎప్పటిది కాదు.

"తెలిసింది నాయనా" అంది. ఆవిడ మొహం అంత వెలిగిపోవడం నేను మళ్ళీ చూడలేదు.

సాయంత్రం మావారు వచ్చి గోడ చూశారు. మొహం ఎర్రబడింది. ఏంటయ్యా ఇది, నున్నగా చెయ్యమంటే గోడకి పొక్కులు తెప్పించావు అని నిలదీశారు. లోపల అత్తగారు, తలుపు పక్కన నేను, ఇద్దరం వింటున్నాం. బాలస్వామి నిజం చెప్పేస్తే తప్పు అతని మీద ఉండదు. అత్తగారు భట్టిప్రోలు పోతుంది.

అతను తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. "పాత గోడండి. తుపాను నీళ్ళు తాగింది. ఎంత చేసినా లోపల్నుంచి పొంగుకొస్తందండి. నా చేత కాలేదండి" అన్నాడు.

నా చేత కాలేదండి. ఆ మాట బాలస్వామి నోట్లోంచి వినాల్సి వస్తుందని తెనాలిలో గానీ బాపట్లలో గానీ ఎవరూ అనుకుని ఉండరు. మావారికి కోపం మీద నోరు జారింది. మీసం మెలేసి పందేలు కాసేది నువ్వేనా అన్నారు. బాలస్వామి తల దించుకుని సామాను సర్దుకున్నాడు.

మర్నాడు మీసం లేకుండా వచ్చాడు. అంకమ్మ జల్లెడ పడుతూ తల ఎత్తకుండా ఏడుస్తోంది. కారణం ఆమెకూ చెప్పలేదని తర్వాత తెలిసింది. మావారు అతన్ని చూసి ఖంగు తిన్నారు గానీ, తెనాలి నుంచి ఇంకో మేస్త్రీని తెచ్చి గోడ గీకిస్తానన్న పట్టు వదల్లేదు. అప్పుడు నా కోపం అక్కరకు వచ్చింది. బడి తెరిచే రోజు దగ్గరికొస్తోంది, కూడిక తేదీ చెప్పేశాం, ఈ ఇంట్లోకి ఇంకొక్క సున్నం బకెట్టు వచ్చిందంటే నేను తెనాలిలో మా పుట్టింటికి పోతాను, వంట మీరే చేసుకోండి అన్నాను. మావారికి చారు కాయడం కూడా రాదు. ఆ గోడ మీద అలాగే లేతాకుపచ్చ రంగు పడింది.

కృతజ్ఞత కూడికకు ఇల్లు నిండింది. పని చేసినవాళ్ళను కూడా భోజనానికి పిలవడం మా ఇంటి అలవాటు కనక బాలస్వామీ అంకమ్మా వచ్చి వరండాలో కూర్చున్నారు. నడవలోకి వచ్చిన ప్రతివాళ్ళూ గోడ చూసి ఒక మాట విసిరారు. సంఘపెద్ద జకరయ్య గారు సరదా మనిషి, ఆయన వరండాలోకి వెళ్ళి, బాలస్వామీ, మీసంతోపాటు చెయ్యి కూడా తీసేశావేంటయ్యా అన్నారు. అందరూ నవ్వారు. బాలస్వామి కూడా నవ్వాడు.

పాస్టరు గారు ప్రార్థన చేసి, ఇంటి పెద్ద సాక్ష్యం చెప్పాలన్నారు. మావారు వాళ్ళమ్మను తీసుకురావడానికి లేవబోయారు. ఆవిడే వచ్చేస్తుందిలెండి అన్నాను.  లోపలి గదిలోంచి అత్తగారు బయల్దేరింది. నిటారుగా, ఎవరి తోడూ లేకుండా, కుడిచెయ్యి గోడ మీద తేలికగా ఆనించి నడిచింది. రెండు ముద్దల దగ్గర చీర కుచ్చెళ్ళు కొద్దిగా ఎత్తిపట్టుకుని మెట్టెక్కి, నిండిన ముందుగది గుమ్మంలో నిలబడింది. ఎవరికీ ఏమీ తెలియలేదు.

ఆవిడ చెప్పింది చాలా చిన్న సాక్ష్యం. "నా ఇల్లు పోయిందనుకున్నాను. పోయిన ఇంటిని నాకు మళ్ళీ ఇచ్చినవాడికి నా వందనాలు. తన గొప్పతనం నాకోసం వదులుకున్నవాడికి వందనాలు" అంది.

తుపాను గురించీ ప్రభువు గురించీ చెబుతోందనుకుని అందరూ ఆమెన్ అన్నారు. ఆవిడ మొహం మాత్రం వరండా వైపుకే తిరిగి ఉంది. బాలస్వామి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేనూ ఆమెన్ అన్నాను, ప్రభువుకూ అతనికీ కలిపి.

దాని ఫలితం అతను బాగానే అనుభవించాడు. హెడ్మాస్టరు గారి గోడకి పొక్కులు పోసినవాడన్న పేరు ఊళ్ళో పాకింది. డిస్టెంపరు పనులు వేరేవాళ్ళకు పోయాయి. కొన్నాళ్ళకు రేపల్లె వెళ్ళిపోయి, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో మామూలు సున్నాల పనులు చేసుకున్నాడు. బాపట్ల వచ్చినప్పుడల్లా మా ఇంటికి వచ్చేవాడు. అత్తగారు గోడ పట్టుకుని వచ్చి అతనికి మజ్జిగ ఇచ్చేది.  అతను వెళ్ళేముందు నడవలోకి వచ్చి ముద్దలన్నీ ఒకసారి తడిమి, గట్టిగానే ఉన్నాయి అనుకుని వెళ్ళేవాడు.

అత్తగారు తొంభై ఆరు చివర్లో పోయింది. ముందురోజు పొద్దున కూడా నూతి దగ్గరికి తనే నడిచి వెళ్ళింది. జ్ఞాపకార్థ కూడిక అయి చుట్టాలందరూ వెళ్ళిన సాయంత్రం కరెంటు పోయింది. మావారు అగ్గిపెట్టె కోసం ముందుగదిలోంచి వంటింటికి గోడ తడుముకుంటూ వస్తున్నారు. మెట్టు దగ్గర అడుగుల చప్పుడు ఆగిపోయింది.

కాసేపటికి చీకట్లోంచి ఆయన గొంతు వినబడింది. "ఇవి నాన్న కొట్టిన మేకుల చోట్లే కదూ?"

అవునన్నాను. అమ్మకి కనబడేది కాదా అని అడిగారు. మొత్తం చెప్పాను. వింటూ మెట్టు మీద కూలబడినాయన కరెంటు వచ్చినా లేవలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. నీకు తెలుసు కాబట్టే అమ్మ నూతి దగ్గర ఎప్పుడూ జారలేదన్నమాట అన్నారు. అది ఆయన నాకు థాంక్స్ చెప్పే పద్ధతి.

ఆ ఆదివారం ఆరాధన కాగానే రైలెక్కి, తెనాలిలో దిగి రేపల్లె బండి పట్టుకున్నాం. దారంతా మావారు ఏం చెప్పాలో లోలోపల కూడబలుక్కుంటున్నారు. బాలస్వామి ఇంటి ముందు నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. బాగా తగ్గిపోయాడు. మీసం లేదు. మళ్ళీ పెంచలేదన్నమాట. అత్తగారి సంగతి చెప్పాం. చివరిదాకా నడిచిందాండీ అని మాత్రం అడిగాడు. నడిచింది, ఎవరి చెయ్యీ పట్టుకోలేదు అన్నాను.

కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ మావారికి గుర్తు రాలేదు. వెళ్ళి మంచం మీద అతని పక్కన కూర్చుని, సున్నం తిని బరకబారిన ఆ అరచేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకున్నారు.

"మొన్న చీకట్లో గోడ పట్టుకుని నడిచాను బాలస్వామీ. చేతికి తెలిసిందయ్యా" అన్నారు.

బాలస్వామి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఒక చెయ్యి విడిపించుకుని మీసం లేని పెదవి మీద రాసుకున్నాడు.

"తెలియాలనే కదండీ ముద్దలు పెట్టింది, అందుకే ఇది ముందే తీసేసుకున్నాను" అన్నాడు. లోపల అంకమ్మ మా కోసం బియ్యం చెరుగుతోంది.